ఎర్రబోడు మీద అద్దం

సర్వే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నరసరావుపేటలో మా నాన్న సైకిళ్ళు బాగుచేసిన గదిలోనే ఇప్పుడు నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను. "కరీముల్లా గారూ, మీ రోజుల్లో ఎట్లా చేసేవాళ్ళండీ?" అని అడుగుతారు. వాళ్ళ చేతుల్లో ఉపగ్రహాలతో మాట్లాడే మిషన్లున్నాయి. నిలబడ్డ చోటేదో ఆ మిషనే చెప్పేస్తుంది. మాకు అట్లా చెప్పేవాళ్ళెవరూ లేరు. ఒక కొండెక్కి, అక్కణ్ణుంచి ఇంకో రెండు కొండల్ని చూసి, మధ్య కోణాలు కొలిచి, మేమెక్కడున్నామో మేమే తేల్చుకునేవాళ్ళం.

కాబట్టి మా పని అసలు ఏందంటే, నడవడం. లెక్కలు తర్వాత. పరీక్షలో మంచి మార్కులొచ్చి చేరినవాడు మొదటి సీజన్‌లోనే మోకాళ్ళు పట్టుకుని ఇంటికి పోవడం నేను చూశాను.

మాచర్ల దాటి నల్లమల అంచున ఉన్న కొండల మీద పాతకాలం నాటి సర్వే గుర్తులుంటాయి. శిఖరం మీద బండకు చిన్న గుంట తొలిచి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంచుతారు. అవి ఉన్నాయో లేదో చూడాలి, వాటి మీద నిలబడి మళ్ళీ కొలవాలి. ఆ పనికి చలికాలం చివర, మాఘమాసం ఒక్కటే అదును. వానలప్పుడు బోదగడ్డి మనిషెత్తు పెరుగుతుంది, కాలు ఎక్కడ పెడుతున్నామో తెలియదు. ఎండాకాలం వస్తే వాగుల్లో నీళ్ళుండవు, వేడికి గాలి అల్లాడిపోయి దుర్భిణిలో ఎదుటి కొండ నిలవదు. మాఘంలో పొద్దున మంచు విడిచినాక, మధ్యాహ్నం ఎండ ముదిరేలోపు కొన్ని గంటలు గాలి కడిగినట్టుంటుంది. ఆ కొన్ని గంటల కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళం.

శిఖరాలకు దారులుండవు. ఊళ్ళవాళ్ళ కాలిబాటలు నీళ్ళ దాకా పోతాయి, మేత దాకా పోతాయి, దేవుడున్న చోటికి పోతాయి. ఆ పైన ఎవరికీ పని లేదు, మాకు తప్ప.

మా సార్

మా సర్వే పార్టీకి పెద్ద సుబ్బరామయ్య గారు. ముప్పాళ్ళ దగ్గర రైతుబిడ్డ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒకే రంగు ఖాకీ చొక్కాలో ఉండేవాడు. ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పడం నాకిష్టం లేదు. కోపిష్టి. సెలవు అడిగితే మొహం మాడ్చుకునేవాడు. మా అక్క పెళ్ళికి సెలవు అడిగినప్పుడు సామాన్లు మోసే ఖలాసీలందరి ముందూ "నువ్వు పోకపోతే పెళ్ళి ఆగిపోద్దా?" అన్నాడు. ఆ మాట నాకు చాలాకాలం మనసులో ఉండిపోయింది.

అయితే కొండ మీద ఆయన వెనక నడవడం ఒక చదువు. నేను చేరిన మొదటి సీజన్‌లో ఒకరోజు శిఖరం ఇంక చేతికి అందేంత దూరంలో ఉంది. పైన కొండచరియకు పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతున్నాయి. వాటి పక్కగా చప్పుడు కాకుండా దాటిపోవచ్చని నా ఉద్దేశం. సార్ ఆగి ముక్కు పైకెత్తాడు. కింద లోయలో గొర్రెలవాళ్ళెవరో ముట్టించిన మంట పొగ, గాలి మళ్ళి, మా వైపుకు ఎక్కుతోంది.

"దిగండి" అన్నాడు.

"సార్, పదినిమిషాల్లో పైనుంటాం."

"దిగమన్నానా లేదా?"

సణుక్కుంటూ దిగాను. మేము లోయ అడుగుకు చేరేసరికి పైన చరియ మొత్తం హోరుమంది. రాతికి నల్లటి దుప్పటి కప్పి, ఆ దుప్పటిని ఎవరో విదిలించినట్టు ఈగలు లేచాయి. సార్ నా వైపు తిరిగాడు. "మంచినీళ్ళు తాగు" అన్నాడంతే. మర్నాడు ఇంకో పక్కనుంచి ఎక్కాం.

దారి లేని కొండకు పోయేవాళ్ళకి నేను చెప్పేది కూడా అదే. వెనక్కి తిరగడం పనిలో భాగం. దానికి సిగ్గుపడేవాడు ఈ పనికి రాకూడదు.

ఆదెమ్మ

ఎనభైల మధ్యలో ఒక ఏడాది, సార్‌కి అదే చివరి సీజన్. మాచర్ల బయట నాపరాయి గనుల దగ్గర గుడారాలు వేశాం. ఆ ఏడాది మేము ఎక్కాల్సిన వాటిలో ఒక కొండకు మా మ్యాపులో నంబరు తప్ప పేరు లేదు. కింద ఊళ్ళవాళ్ళు ఎర్రబోడు అంటారు. పల్నాటి పక్కనుంచి చూస్తే అన్నిటి వెనక, నెత్తిన ఎర్రటి బండతో, ఒంటరిగా కనిపిస్తుంది.

గుడారాలు వేసిన మర్నాడు పొద్దున్నే ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. గనిలో రాళ్ళు మోసే మనిషి, తలమీద చుట్టగుడ్డ అట్లాగే ఉంది.

"వచ్చారా సారూ ఈ ఏడు గూడా?"

"వచ్చాం ఆదెమ్మా. బాగున్నావా?"

"బాగుండకేం. ఎర్రబోడు ఎక్కుతున్నారంట గదా. నన్ను తీసకపో."

సార్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "దానికి దారి లేదమ్మా."

"దారి లేదని చానా ఏళ్ళ నుంచి చెప్తానే ఉన్నావు. మరి మీరెట్టా పోతారు? ఎగురుతారా?"

మా ఖలాసీ ఏసోబు పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. సార్ నవ్వలేదు. "చూద్దాంలే" అని గుడారంలోకి పోయాడు. ఆమె కాసేపు అక్కడే నిలబడి, చుట్టగుడ్డ సర్దుకుని పనికి వెళ్ళిపోయింది.

ఏసోబు ఆ చుట్టుపక్కల వాడే. ఆమె సంగతి అతనే నాకు చెప్పాడు.

ఆదెమ్మ భర్త పోలయ్య కూడా ఒకప్పుడు మా ఆఫీసులో ఖలాసీ. అతనిది అద్దం పని. ఆ రోజుల్లో దూరపు కొండలు కొలవాలంటే, ఒక మనిషి ఆ కొండమీద నిలబడి అద్దంతో ఎండను పట్టి ఇవతల కొండ మీదికి తిప్పేవాడు. పగలు కూడా నక్షత్రంలా మెరిసేది. దాన్ని చూసి కోణం కొలిచేవాళ్ళం. నేను చేరేనాటికి కూడా మాకు ఆ అద్దం ఉండేది.

పాతికేళ్ళ పైమాట. పోలయ్య ఎర్రబోడు మీదికి పోతూ పెళ్ళాంతో చెప్పాడంట, "రోజూ పొద్దున పని మొదలెట్టే ముందు ఒక్కసారి అద్దం మన గని వైపు తిప్పుతా. చూసుకో" అని. అప్పుడామె నిండు చూలాలు. రోజూ పొద్దున గని గట్టు మీద నిలబడేది. కొండమీద తళుక్కుమనేది. ఆమె తలగుడ్డ తీసి ఊపేది. గనిలో జనమంతా చూసి నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు సర్వేవాళ్ళు దిగివచ్చి, చలిజ్వరం వచ్చి పోలయ్య చనిపోయాడని, శవాన్ని దించే వీల్లేక పైనే రాళ్ళ కింద పెట్టామని చెప్పారు. వచ్చి చెప్పినవాడు మా సారే. అప్పటికి ఆయన కుర్ర సర్వేయరు.

"ఎప్పుడు పోయాడు?" అని అడిగిందంట ఆదెమ్మ.

"సోమవారం తెల్లారగట్ల."

"అబద్ధం. మంగళారం పొద్దున నాకు అద్దం చూపాడు."

అక్కడ పడింది ముడి. చచ్చిపోయినవాడు మర్నాడు అద్దం ఎట్లా తిప్పుతాడు? బావగారు, తోడికోడలు మొదలుపెట్టారు. పోలయ్య ఎవత్తెనో తీసుకుని కృష్ణ అవతలికి పారిపోయాడు, సర్వేవాళ్ళు వాణ్ణి కాపాడటానికి కథ అల్లారు అని. ఆ మాట ఊళ్ళో నిలిచిపోయింది. పుట్టిన కూతురు ఆ మాట వింటూనే పెరిగింది. ఆదెమ్మ మాత్రం అటు ఏడవనూ లేదు, ఇటు నమ్మనూ లేదు. సర్వే పార్టీ వచ్చిన ప్రతిసారీ వచ్చి అడిగేది, నన్ను ఆ కొండకు తీసుకుపొండి, నా కళ్ళతో చూస్తాను అని.

ఆ సాయంత్రం సార్ నన్ను పిలిచాడు.

"ఎర్రబోడుకు ఆమె కూడా వస్తది, కరీమూ."

నాకు భయమేసింది. పెళ్ళయిన కొత్త, ఉద్యోగం పోతే గతి లేదు. "సార్, దారిలేని కొండ. జారి పడిందనుకోండి, ఎవరు జవాబు చెప్పాలి?"

"నేను చెప్తా. ఇదే నా ఆఖరు సీజను. ఈసారి నేను తీసుకుపోకపోతే ఇంకెవరూ తీసుకుపోరు."

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే సామానులో ఆమెకూ ఒక దుప్పటి కట్టి పెట్టాను.

ఎక్కుడు

జీపు కొండ మొదలు దాకా కూడా రాలేదు. ఒక పగలంతా అడవిలో నడిచి వాగు పక్కన మకాం పెట్టాం. తెల్లారేసరికి చెట్ల మీద మంచు ఇంకా వేలాడుతోంది. టేకు ఆకు రాలిపోయి అడుగు వేస్తే పెంకులు పగిలినట్టు చప్పుడు. మోదుగ పూలు అప్పుడే ఎర్రబడుతున్నాయి.

ఆదెమ్మ చీర మోకాళ్ళ పైకి గోచీపోసి కట్టింది. చంకలో మూట.

"ఏందమ్మా అది?" అన్నాను.

"జొన్నరొట్టెలు, పండుమిరప కారం. ఆయనకిష్టం." ఆ మాట అని తనే తడబడింది. "ఉంటే పెడతా. లేకపోతే మీరు తిందురు గానీ."

మొదటి తప్పు పొద్దున్నే జరిగింది. ఎండిన వాగు అడుగు మెట్లు కట్టినట్టుంది, ముళ్ళు లేవు, తిన్నగా పైకి పోతోంది. అందరికీ సుఖమనిపించి దాంట్లోనే ఎక్కాం. మధ్యాహ్నం కావస్తుండగా అది ఒక నిలువు బండ కింద ఆగిపోయింది. వానాకాలంలో అక్కడ జలపాతం. ఎటు చూసినా గోడ. మళ్ళీ సగం దిగి, పక్కనున్న కొండవెన్ను పట్టుకోవాల్సి వచ్చింది. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి: తెలియని కొండమీద వాగు సుఖంగా పిలుస్తుంది, పైకి తీసుకుపోయి వదిలేస్తుంది. వెన్ను మీద కష్టం, కానీ ముందేముందో కనిపిస్తుంది.

ఆ పూట పని కుదరదని తేలిపోయింది. వెన్ను మీద ఒక చదును చోట గుడ్డలు పరుచుకుని ఆగిపోయాం. మర్నాడు మంచు విడుస్తుండగా మళ్ళీ కదిలాం. ఎండిన గడ్డి మీద చెప్పు జారుతుంది, కింద గులకరాళ్ళు కదులుతాయి. సార్ మోకాలు అప్పటికే దెబ్బతింది. రెండడుగులకోసారి ఆగుతున్నాడు. ఏసోబు కోణాలు కొలిచే థియోడలైటు పెట్టె వీపుకు కట్టుకుని ముందు పోతున్నాడు. ఆదెమ్మ సార్ వెనకే నడిచింది. ఆయన ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. ఒక్కసారి మాత్రం అన్నది:

"ఇంత కాలు నొప్పి పెట్టుకొని ఎందుకొచ్చావు సారూ? ఈ పిల్లోణ్ణి పంపిస్తే సరిపోయేది గదా."

"నేనే రావాలమ్మా" అన్నాడాయన.

పైన

ఎర్రబోడు నెత్తి చిన్న కళ్ళం అంత చదును. మధ్యలో మా గుర్తు రాయి, చుట్టూ సగం కూలిన రాళ్ళ గుట్ట. తూర్పు అంచున, ఎండిన గడ్డి మధ్య, మనిషి పొడవున పేర్చిన రాళ్ళు ఇంకోచోట కనిపించాయి. ఎవరూ చూపించక్కర్లేకపోయింది. ఆదెమ్మ నేరుగా అటే నడిచి, పక్కన కూలబడింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రాళ్ళ సందుల్లో మొలిచిన గడ్డిని ఒక్కొక్క పోచా పీకి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక తల ఎత్తకుండా అడిగింది.

"తల ఏ పక్క పెట్టారు సారూ?"

"దక్షిణం పక్కకేనమ్మా. పద్ధతిగానే పెట్టాం. పసుపు కుంకాలే లేవు."

"అసలిందులో మనిషి ఉన్నాడా?"

ఆమె లేచి నిలబడింది.

"నేనేం పిచ్చిదాన్ని గాదు. రాళ్ళు ఎవరైనా పేరుస్తారు. మంగళారం పొద్దున అద్దం చూశా నేను. ఈ రెండు కళ్ళతో. ఆ సంగతి చెప్పు నాకు. ఇంకేం అడగను."

సార్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ అద్దం తిప్పింది నేను, చెల్లెమ్మా."

ఏసోబూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సార్ ఆగి ఆగి చెప్పాడు.

"జ్వరం వచ్చిన కాణ్ణుంచి నీ మాటే. దించుదామంటే లేచి నిలబడలేడు. మాతో ఉన్న ఇద్దరూ నీళ్ళకీ బియ్యానికీ కింద మకాం దాకా పోయారు. సోమవారం తెల్లారగట్ల నా చెయ్యి పట్టుకున్నాడు. 'సారూ, పొద్దున అద్దం కనపడకపోతే అది ఆ కడుపుతో అడవిన పడి వస్తది. మీరు దిగిందాకా దాన్ని భయపెట్టమాకండి. మీరు చూపండి' అన్నాడు. అదే ఆఖరు మాట. సోమవారం మబ్బు. ఎండ లేదు. మంగళవారం ఎండొచ్చింది. తిప్పాను."

ఆదెమ్మ కదల్లేదు.

"తిప్పి ఊరుకుంటే బాగుండేది. దుర్భిణిలో చూశాను. గట్టు మీద నువ్వు కనపడ్డావు. తలగుడ్డ తీసి ఊపావు. ఇక్కడ వాడి మీద అప్పుడే రాళ్ళు పేర్చి చేతులు కూడా కడుక్కోలేదు నేను. నువ్వు అక్కడ ఊపుతున్నావు. అది చూసినాక, నీ ముందుకొచ్చి ఆ వెలుగు నాదని చెప్పడానికి నాకు నోరు రాలా. ఈ ఏడు చెప్దాం, వచ్చే ఏడు చెప్దాం అనుకుంటానే..."

దూరంగా, మంచు పూర్తిగా విడిచిన చోట, గని తెల్లటి గీతలా కనిపిస్తోంది. ఆమె అటే చూస్తూ ఉండిపోయింది.

"ఆ రోజు చానాసేపు చూపావు" అన్నది చివరికి. "రోజూ ఒక్క తళుకే. ఆ రోజు నిలబెట్టి చూపావు. ఇంతసేపు చూపితే సారు తిట్టడా వీణ్ణి అనుకున్నా."

"తీయబుద్ధి కాలేదమ్మా."

అప్పుడొచ్చింది ఆమెకు కోపం.

"ఒక్క మాట! ఒక్క మాట చెప్పడానికి ఇన్నేళ్ళా? మాచర్ల బస్టాండులో దిగిన ప్రతి మగోడి మొహం చూశా నేను. సంతలో ఎనకనుంచి ఎవరి నడకో ఆయన నడకలాగుంటే ఎంట పరిగెత్తా. నా కూతుర్ని లేచిపోయినోడి బిడ్డ అన్నారు. నువ్వు జాలిపడి నోరు మూసుకుంటే, ఆ మాటలన్నీ మేం పడ్డాం."

సార్ తల దించుకునే ఉన్నాడు.

దీని మీద నేను చాలా ఆలోచించాను. ఆ మంగళవారం ఆయన చేసింది మంచి పనే. చనిపోతున్న మనిషి అడిగింది చేశాడు, ఒక చూలాలిని అడవిన పడకుండా ఆపాడు. తర్వాత ఏళ్ళ తరబడి నోరు విప్పకపోవడం మాత్రం తప్పే. నేను ప్రేమించిన మనిషి కాబట్టి దాన్ని ఒప్పు అనలేను. నా ఉద్యోగంలో తర్వాత ఎన్నిసార్లో చెడ్డ కబురు మోసుకుపోవాల్సి వచ్చింది. కొలతలో పొలం పోయిన రైతుకి, కొండ మీద గాయపడ్డ ఖలాసీ ఇంటికి. ప్రతిసారీ గుమ్మం ముందు కాలు వెనక్కి లాగేది. అప్పుడు ఎర్రబోడు మీద ఆమె గొంతు గుర్తొచ్చేది. లోపలికి పోయి, కూర్చుని, మొత్తం చెప్పేసి వచ్చేవాణ్ణి.

ఆమె కోపం ఎంతసేపుందో చెప్పలేను. అయిపోయాక మూట విప్పింది. ఒక రొట్టె తీసి, కారం రాసి, రాళ్ళ దక్షిణపు కొసన పెట్టింది. "తిను" అన్నది. పొలంనుంచి వచ్చిన మనిషితో అన్నట్టు, అంత మామూలుగా. ఆ తర్వాతే ఏడ్చింది. మేం ముగ్గురం పెట్టెలు విప్పుతున్నట్టు ఇవతల కూర్చున్నాం.

గాలి తేటగా ఉంది. పని కూడా చెయ్యాలి. సార్ ఆమె వైపు చూశాడు, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక. ఆమే కొంగుతో మొహం తుడుచుకుని వచ్చి, "కానీండి. ఎండ పోతే మళ్ళా రేపంటారు" అన్నది. థియోడలైటు మీద ఎండ పడితే కొలత తప్పుతుంది, అందుకని దానికి గొడుగు పట్టాలి. ఏసోబు శిఖరం అవతలి అంచున జెండా సరిచేయడానికి పోయాడు కాబట్టి ఆ గొడుగు ఆమె తీసుకుంది. సార్ చూసి చెబుతుంటే నేను రాసుకున్నాను. మా ఇద్దరి నెత్తినా నీడ పడేట్టు ఆమె గొడుగు తిప్పుతూనే ఉంది.

దిగుడు

దిగేటప్పుడు సార్ మోకాలు పూర్తిగా మొరాయించింది. ఎక్కడం కంటే దిగడంలోనే మోకాలి బండారం బయటపడుతుంది. ఒక జారుడు బండ దగ్గర కూర్చుండిపోయాడు. నేను చెయ్యి ఇచ్చేలోపే ఆదెమ్మ కిందినుంచి చెయ్యి చాచింది.

"పట్టుకో."

"వద్దమ్మా, నువ్వు..."

"పట్టుకోమన్నా గదా. నలభై కేజీల బండ మోసేదాన్ని, నువ్వొక బరువా?"

ఆయన పట్టుకున్నాడు. బండలున్న చోటల్లా అట్లాగే దించింది.

కొండ సగంలో రాతి గుంటలో చల్లటి నీళ్ళున్నాయి. అక్కడ ఆగాం. మిగిలిన రొట్టెలు తలా ఒకటి పెట్టింది. సార్ చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. ఆమె ఆయన్ని కాసేపు చూసింది.

"అన్నా" అన్నది. అప్పటిదాకా సారూ అనే పిలిచింది.

ఆయన తల ఎత్తాడు.

"ఆయన పోయినప్పుడు నువ్వు ఏడ్చావా?"

"అప్పుడెక్కడ, చెల్లెమ్మా? ఒక్కణ్ణే ఉన్నా. రాళ్ళు పేర్చాలి, మిగతావాళ్ళు రావాలి, పని ముగించాలి. దిగినాక నీకు చెప్పాలి. కుదర్లా."

"మరి తర్వాత?"

"తర్వాత ఏడిస్తే ఎందుకని అడుగుతారు గదా ఎవరైనా."

"ఇప్పుడు ఎవరూ అడగరు" అన్నది ఆదెమ్మ.

నన్ను సెలవు కోసం అందరి ముందూ కసిరిన మనిషి, తేనెటీగలు లేచినా మొహం మారని మనిషి, రొట్టె చేతిలో పట్టుకుని, చిన్నపిల్లాడిలా, గట్టిగా ఏడ్చాడు. ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏసోబు లేచి, నిండుగానే ఉన్న సీసాలో మళ్ళీ నీళ్ళు పట్టడానికి పోయాడు. నేను కూడా అతని వెంట పోయాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ప్రమోషన్ల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒకటే. కొండల మీదికి మీతో వచ్చేవాళ్ళకి కింద ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళల్లో ఎవరో కొండవైపు చూస్తుంటారు. మీ ఖలాసీ భార్య పేరేందో, పిల్లలెంతమందో, ఏ ఊరో తెలియకుండా వాణ్ణి శిఖరం ఎక్కించమాకండి. సుబ్బరామయ్య గారికి తెలుసు. తెలియబట్టే ఆ పొద్దున అద్దం ఎటు తిప్పాలో ఆయనకు తెలిసింది.

వాగు దగ్గర మకాం వేసి, అడవి దాటి, రెండో రోజు పొద్దున ఆదెమ్మను ఇంటి దగ్గర దించడానికి జీపులో వాళ్ళ వీధికి పోయాం. బావగారు, బాగా ముసలివాడు, అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. జీపు చూసి పక్కిళ్ళవాళ్ళు కూడా బయటికొచ్చారు.

"ఏమే ఆదెమ్మా" అన్నాడు పెద్దాయన, పుల్ల నోట్లోంచి తీసి, "కొండ మీద కనపడ్డాడా నీ మొగుడు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ జీపులోంచి దిగబోయాడు. ఆదెమ్మ చేత్తో వారించింది. వీధిలో అందరికీ వినపడేట్టు, తొందర లేకుండా చెప్పింది.

"కనపడ్డాడు బావా. ఆ కొండ మీదనే ఉన్నాడు. ఏడికీ పోలా."

పెద్దాయన చేతిలో పుల్ల అట్లాగే ఆగిపోయింది. ఆదెమ్మ గడప దాటి లోపలికి పోతూ, మా వైపు తిరిగింది.

"దిగండి. కాళ్ళు కడుక్కోండి. అన్నం తినిపోదురు."